ఎండాకాలంలో గది లోపల మొక్కలు: ఏసీ కొనేముందు పైకప్పు చూడండి

ఈ వారం పెట్టిన వీడియో చూసినవాళ్లకి ఇందులో కొన్ని మాటలు మళ్లీ వినిపిస్తాయి. కెమెరా ముందు లెక్కలు చెప్తే ఎవరికీ ఎక్కవు. రాసి పెడితే పక్కన కాగితం పెట్టుకుని మీ గదికి మీరే లెక్క వేసుకోవచ్చు, అందుకని రాస్తున్నాను. విజయవాడలోనూ చుట్టుపక్కల డెల్టా ఊళ్లలోనూ గది లోపల మొక్కలో, నారో, పుట్టగొడుగులో పెంచేవాళ్లు ఏప్రిల్ నుంచి జూన్ దాకా వేడిని ఎలా దాటాలన్నదే విషయం.

"ప్రకృతి వ్యవసాయం గురించి మాట్లాడే మీరు గదిలో సేద్యం గురించి చెప్పడమేంటి?" అని పెద్దవాళ్లు కొందరు అడిగారు. నిజమే, బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదన, వాప్స అని పాలేకర్ గారు చెప్పిన నాలుగింటిలో గదికి చోటు లేదు. కానీ పటమటలోనో భవానీపురంలోనో ఫ్లాట్‌లో ఉండేవాళ్లకి డాబా మీద హక్కు ఉండదు, అది అసోసియేషన్‌ది. సింగ్ నగర్‌లో రెండు గదుల ఇంట్లో ఉన్న అమ్మాయి ఒక గదిలో పుట్టగొడుగులు వేసుకుని నెల ఖర్చులు వెళ్లదీద్దామనుకుంటే, "పొలానికి పో" అని చెప్పడం సమాధానం కాదు. వీళ్లలో చాలామంది అప్పు చేసి మొదలుపెడతారు. జనవరిలో బ్రహ్మాండంగా వస్తుంది. ఏప్రిల్ రెండో వారానికి ట్రేలు వాడిపోతాయి. అప్పుడు ఎవరో ఏసీ పెట్టమంటారు. దాంతో మొదటి అప్పు తీరకముందే రెండో అప్పు. అందుకే ఈ విషయంలో నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను.

ముందు ఈ ఏసీ సలహా ఎక్కణ్ణుంచి వస్తోందో చూడాలి. గది, గుడారం, లైట్లు, ఎగ్జాస్ట్, లోపల ఏసీ అనే ఈ ఏర్పాటు మీద ఇంటర్నెట్‌లో దొరికే సమాచారంలో చాలా భాగం అమెరికా, కెనడాల్లో గంజాయి పెంచేవాళ్లు తయారుచేసింది. అక్కడ కొన్ని చోట్ల అది చట్టబద్ధం. కెనడాలో 2018 అక్టోబర్ నుంచి దేశమంతా. మన దగ్గర కాదు. ఇంట్లో కుండీలో పెంచినా 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరమే. సాగు చేసినందుకు పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. అది నా ఛానల్ పని కాదు, ఆ ప్రశ్నలు నాకు పంపకండి. నేను పట్టించుకునేది ఆ పద్ధతులు మన తోటకూరకీ కొత్తిమీరకీ వచ్చి అతుక్కోవడం గురించి. అక్కడ ఆ పంట కిలో ధర ఏసీ బిల్లునీ లైట్ల బిల్లునీ మోసేస్తుంది. అందుకే వాళ్లకి వేడి అనేది యంత్రం కొంటే తీరిపోయే సమస్య. మన గదిలో ఉన్నది కట్ట పది, ఇరవై రూపాయలకి అమ్ముడుపోయే ఆకుకూర. అదే యంత్రాన్ని దాని నెత్తిన పెడితే అది మొయ్యదు.

లెక్క చూడండి. టన్నున్నర ఏసీ కంప్రెసర్ ఆగకుండా నడిస్తే గంటకి సుమారు ఒకటిన్నర యూనిట్లు. రోహిణి కార్తెలో పై అంతస్తు గదిలో అది ఆగదు. రోజుకి ఇరవై గంటలు వేసుకుంటే 30 యూనిట్లు, నెలకి 900. ఇంటి మీటరు మీద 400 యూనిట్లు దాటాక యూనిట్ పది రూపాయల దగ్గర పడుతుంది. అంటే ఒక గది చల్లగా ఉంచడానికే నెలకి ఏడెనిమిది వేలు. ఇంకా లైట్లు, విత్తనం, మీ కష్టం లెక్కలోకి రాలేదు. అంత డబ్బు సంపాదించాలంటే ఆ గదిలోంచి ఎన్ని కట్టలు బయటికి రావాలో మీరే వేసుకోండి.

ఇప్పుడు అసలు వేడి ఎక్కణ్ణుంచి వస్తోంది? అందరూ కిటికీ వైపు చూస్తారు. నేను తల పైకెత్తి చూడమంటాను. పది అడుగులు, పన్నెండు అడుగుల గది అనుకోండి. పైన స్లాబ్ 11 చదరపు మీటర్లు. మే నెల మధ్యాహ్నం చదరపు మీటరుకి 900 నుంచి 1000 వాట్ల ఎండ పడుతుంది. అంటే మీ నెత్తిన పది కిలోవాట్ల పొయ్యి వెలుగుతోంది. టన్నున్నర ఏసీ బయటికి నెట్టగలిగేది అయిదు కిలోవాట్ల చిల్లర. పడిన ఎండంతా లోపలికి రాదు, కొంత తిరిగి పోతుంది, కొంత గాలి ఎత్తుకుపోతుంది. కానీ పాతబడి నల్లబడిన స్లాబ్ మీద పడినదాంట్లో ఎక్కువ భాగం కాంక్రీటులోకే దిగుతుంది. దిగి అక్కడే కూర్చుంటుంది. సాయంత్రం ఆరు, ఏడు గంటలకి స్లాబ్ కింద చెయ్యి పెట్టి చూడండి. బయట చల్లబడుతుంటే లోపల అప్పుడు మొదలవుతుంది. మన ఇళ్లలో మే నెల రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం అదే, మొక్కకీ అంతే.

కాబట్టి మొదటి ఖర్చు పైకప్పు మీద. డాబా మీద రెండు పూతలు సున్నం. ఇది నేను కనిపెట్టింది కాదు, మన తాతలు చేసిందే. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ అని ప్రకటిస్తే అందరూ కొత్తగా విన్నట్టు విన్నారు. అందులోని అసలు సంగతి ఈ తెల్లదనమే. సున్నం మీద ఇంకా కావాలంటే స్లాబ్‌కి మూడడుగుల ఎత్తులో పైపులు పాతి షేడ్ నెట్ లాగండి. ఆ మూడడుగుల సందు ముఖ్యం. నెట్‌ని స్లాబ్ మీద దుప్పటిలా పరిస్తే ఆ వేడి మళ్లీ కిందికే. తాటాకు చలువ పందిరి నెట్ కంటే మంచిది, ఒప్పుకుంటాను. కానీ పట్నంలో పక్కింటి కరెంటు వైరు, దీపావళికి మిగిలిన తారాజువ్వ, ఇవన్నీ చూసుకోవాలి. పైగా మే నెలలో సాయంత్రం లేచే ఈదురుగాలికి సరిగ్గా కట్టని పందిరి రెండు వీధులు అవతల దొరుకుతుంది. అద్దె ఇల్లయితే సున్నం గురించి ఓనరుతో మాట్లాడండి. ఆయన ఇల్లు కూడా చల్లబడుతుంది కాబట్టి సగం ఖర్చు అడిగినా తప్పులేదు. ఇంకో మాట. కొత్తగా గది వెతుక్కునేవాళ్లు అద్దె వెయ్యి రూపాయలు ఎక్కువైనా కింది అంతస్తు తీసుకోండి. పైన ఇంకో కుటుంబం ఉండటం కంటే మంచి పందిరి లేదు.

పడమటి గోడ రెండో శత్రువు. మధ్యాహ్నం రెండు తర్వాత సూర్యుడు దాని మీదే ఉంటాడు. తెలంగాణ వైపు నుంచి వచ్చే వడగాలి కూడా అటువైపే. ఆ గోడకి అడుగు దూరంలో తడిక కట్టి దాని మీదికి బచ్చలి తీగో కాకర తీగో పాకించండి. ఈ విషయం గురించి ఇంతకంటే చెప్పేది లేదు.

మూడోది లోపల మీరు వెలిగించే లైట్లు. ఎల్ఈడీ చల్లగా ఉంటుందనే మాట సగమే నిజం. పాత సోడియం దీపం కంటే అదే వెలుగుకి తక్కువ కరెంటు తింటుంది, అంతవరకే. తిన్న కరెంటు దాదాపు మొత్తం చివరికి ఆ గదిలో వేడిగానే తేలుతుంది. 600 వాట్ల లైట్లంటే 600 వాట్ల హీటరు అనుకోండి. ఆ వేడిని గాలితో బయటికి పంపాలి. ఇక్కడ ఒక చిన్న లెక్క చాలామంది కళ్లు తెరిపిస్తుంది. చిన్న టేబుల్ ఫ్యాన్ సైజు డక్ట్ ఫ్యాన్‌తో నిమిషానికి 100 ఘనపుటడుగుల గాలి లాగుతున్నారనుకోండి. 600 వాట్ల వేడికి ఆ గాలి లోపలికి వచ్చినదానికంటే 11 డిగ్రీలు ఎక్కువ వేడితో బయటికి పోతుంది. అంటే బయట 38 ఉంటే లోపల 49. అదే గదిలో నిమిషానికి 1200 ఘనపుటడుగులు లాగితే తేడా ఒక్క డిగ్రీ లోపే. పది బై పన్నెండు గది, పదడుగుల ఎత్తు, మొత్తం 1200 ఘనపుటడుగులు. అంటే నిమిషానికి ఒకసారి గదిలో గాలి మొత్తం మారాలి. పాలీహౌస్‌లలో ఫ్యాన్, ప్యాడ్ పెట్టేవాళ్లు ఎండాకాలానికి వేసుకునే లెక్క కూడా ఇదే. వంటింటి పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి గోడ పైభాగంలో, గాలి లోపలికి వచ్చే దారి ఎదురుగా ఉత్తరం వైపో తూర్పు వైపో కింద. వచ్చే దారి ఫ్యాన్ కంటే పెద్దదిగా ఉండాలి. తలుపు సందులోంచి ఎంత గాలి వస్తుందిలే అనుకునేవాళ్ల ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం కదలదు. అగరొత్తి వెలిగించి చూడండి, పొగ ఎటు పోతుందో తెలిసిపోతుంది.

లైట్లు పగలు ఎందుకు వెయ్యాలి అని కూడా ఆలోచించండి. కిటికీ లేని గదిలో మొక్కకి పగలు, రాత్రి మీరు చెప్పిందే. సాయంత్రం ఎనిమిదికి వేసి పొద్దున ఎనిమిదికి ఆపితే లైట్ల వేడి బయట 30 డిగ్రీలు ఉన్నప్పుడు వస్తుంది, 42 ఉన్నప్పుడు కాదు. ఎగ్జాస్ట్ లాక్కునేది కూడా రాత్రి గాలి. పైసా ఖర్చు లేదు, టైమర్ స్విచ్ ఒక్కటి. మధ్యాహ్నం పూట గదిని చీకటిగా, తడిక వేసి, ఫ్యాన్ తగ్గించి వదిలెయ్యండి. బయటి గాలి లోపలి కంటే వేడిగా ఉన్నప్పుడు దాన్ని లోపలికి లాగడమంటే వడగాలికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టినట్టే.

ఇక్కడ కూలర్ సంగతి వస్తుంది. కూలర్ మీద మన వాళ్లకి రెండు అభిప్రాయాలున్నాయి. బ్రహ్మాండం అనేవాళ్లు కొందరు, దండగ అనేవాళ్లు కొందరు. ఇద్దరిదీ నిజమే, ఎందుకంటే ఒకరు బెజవాడలో మధ్యాహ్నం చూశారు, ఇంకొకరు బందరులో సాయంత్రం చూశారు. నీళ్లు ఆవిరవడానికి వేడి కావాలి. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 0.68 యూనిట్ల కరెంటుకి సమానమైన వేడిని గాలిలోంచి లాగేస్తుంది. రోజుకి పదిహేను లీటర్లు ఆవిరైతే పది యూనిట్ల వేడి పోయినట్టు. అయితే గాలి పొడిగా ఉంటేనే నీళ్లు ఆవిరవుతాయి. పడమటి గాలి కొట్టే రోజు విజయవాడలో మధ్యాహ్నం 42 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకోండి. ఆ గాలిని నీళ్లతో ఎంత చల్లబరిచినా దిగగలిగే హద్దు 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. మామూలు కూలర్ అంత దించదు కానీ 29, 30కి తెస్తుంది. అదే బందరులో సముద్రపు గాలి తిరిగాక 36 డిగ్రీలు, తేమ 60 శాతం. వేడి తక్కువే, కానీ హద్దు 29 దగ్గరే ఆగిపోతుంది. కూలర్ ఇచ్చేది 31, దానితో పాటు గది నిండా తడి. ఆకుల మీద బూడిద తెగులుకి అంతకంటే ఏం కావాలి! అందుకని కూలర్ కొనేముందు మీ ఊరు సముద్రానికి ఎంత దూరమో చూసుకోండి. గుడివాడ, అవనిగడ్డ వైపు వాళ్లకి నేను కూలర్ చెప్పను, ఫ్యాన్లు చెప్తాను. విజయవాడ, మైలవరం, నందిగామ వైపు వాళ్లకి పడమటి గాలి ఉన్నంత కాలం చెప్తాను. ప్యాడ్ బదులు వట్టివేరు తడిక పెట్టుకుంటే పని అవుతుంది, గదికి వాసన కూడా బాగుంటుంది.

మొక్క వైపు నుంచి దీన్నే ఇంకోలా చూడొచ్చు. నేను దీన్ని గాలి దాహం అంటాను. గాలి ఎంత వేడిగా, ఎంత పొడిగా ఉంటే ఆకులోంచి అంత నీళ్లు పీలుస్తుంది. శాస్త్రవేత్తలు దీన్ని కిలోపాస్కల్‌లలో కొలుస్తారు. 28 డిగ్రీలు, 70 శాతం తేమలో అది ఒకటి దగ్గర ఉంటుంది, మొక్క హాయిగా ఉంటుంది. 42 డిగ్రీలు, 20 శాతం తేమలో అది ఆరున్నర. వేరు ఎంత అందించినా ఆకు ఆ లెక్కకి తట్టుకోలేదు. ఆకు తన రంధ్రాలు మూసేసుకుంటుంది. మూసుకుంటే నీళ్లు పోవు, కానీ చల్లబడటమూ ఆగిపోతుంది, తిండి చేసుకోవడమూ ఆగిపోతుంది. మధ్యాహ్నం వాలిపోయిన మొక్కని చూసి మగ్గు ఎత్తేవాళ్లకి ఇది అర్థం కావాలి. మట్టిలో నీళ్లు ఉన్నా మొక్క వాలుతుంది. అప్పుడు ఇంకా పోస్తే వేరు ఊపిరాడక కుళ్లుతుంది. వాప్స అంటే అదే కదా, వేరు దగ్గర తడీ గాలీ రెండూ ఉండాలి. మట్టిలో వేలు రెండు కణుపులు దింపి పొద్దున్న చూడండి. పొద్దున్న కూడా వాలి ఉంటేనే అది దాహం.

పోసే నీళ్ల గురించి. డాబా మీద నల్ల సింటెక్స్ ట్యాంకులోని నీళ్లు మధ్యాహ్నం మూడింటికి చేతి మీద పోసుకోలేం. అవి మొక్కకి పోస్తారా? పొద్దున ఆరింటికి ముందు, లేదా ఆ నీళ్లు ఒక మట్టి తొట్టిలోకి పట్టి నీడలో పూటంతా ఉంచి సాయంత్రం పొయ్యండి. ఎండాకాలం కాలువలు కట్టేశాక చాలా వీధుల్లో బోరు నీళ్లే దిక్కు. అవి ఉప్పగా ఉంటే ఆకుల మీద చల్లకండి, ఆరగానే తెల్ల మచ్చలు పడతాయి, ప్యాడ్లు కూడా గట్టకడతాయి. నల్ల గ్రో బ్యాగులున్నవాళ్లు వాటి చుట్టూ తడి గోనెసంచి చుట్టి ఇటుకల మీదికి ఎత్తండి. మట్టి మీద రెండంగుళాల వరిగడ్డి. ఆచ్ఛాదన పొలానికే కాదు, కుండీకి ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే కుండీకి నాలుగు వైపుల నుంచీ వేడి వస్తుంది. రైతు సాధికార సంస్థ వాళ్లు ఏపీసీఎన్ఎఫ్ ఊళ్లలో వానలకి ముందే పొడి దుక్కిలో రకరకాల విత్తనాలు చల్లించి నేలని కప్పి ఉంచమనడం వెనక ఉన్న తెలివి ఇదే. ఎండాకాలంలో బట్టబయలుగా ఉన్న మట్టిలో జీవం నిలవదు. జీవామృతం ఈ రెండు నెలలు సాయంత్రమే, మామూలు కంటే పలచగా, వేరు దగ్గర పొయ్యండి. డ్రమ్ము నీడలో ఉండాలి. ఈ వేడికి అది తొందరగా పులుస్తుంది, రెండో రోజు నుంచే వాడెయ్యండి.

వేడి, పొడి గది ఇంకొకళ్లకి భలే ఇష్టం. ఎర్రనల్లి. ఆకు వెనక సన్నటి సాలెగూడు కనిపిస్తే అదే. పొద్దున్నే ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొట్టి, తర్వాత పుల్లమజ్జిగ నీళ్లలో కలిపి పిచికారీ చెయ్యండి. వారం ఆలస్యమైతే ఆ ట్రే తీసి కంపోస్టులో వెయ్యడమే మంచిది.

ఇంత చేసినా ఒకటి చెయ్యలేం. రాత్రిని చల్లబరచలేం. మేలో విజయవాడలో రాత్రి 28, 29 కంటే దిగని రోజులు వరసగా వస్తాయి. టొమాటోకి పగలు 35 దాటి, రాత్రి పాతిక పైన ఉంటే పుప్పొడి చచ్చుబడుతుంది, పూత రాలిపోతుంది. మొక్క పచ్చగా ఉంటుంది, కాయ ఉండదు. దీనికి నెట్ లేదు, మందు లేదు, జీవామృతం కూడా లేదు. "మీ జీవామృతం వాడినా కాయలేదు" అంటే కాయదు మరి. కొత్తిమీర ఈ వేడిలో సరిగ్గా మొలవదు, మొలిచినా వెంటనే పూతకి పోతుంది. ధర పెరుగుతుంది కాబట్టి అందరికీ మేలోనే కొత్తిమీర పెంచాలనిపిస్తుంది. ధర పెరిగేదే అది రాదు కాబట్టి. లెట్యూస్, స్ట్రాబెర్రీ గురించి అడగనే వద్దు. గదిలో కుంకుమపువ్వు అని ఈ మధ్య లక్షల ప్రాజెక్టులు చెప్తున్నారు. ఆ దుంప పూత పుయ్యాలంటే 17 డిగ్రీల దగ్గర గది కావాలి. బెజవాడలో! ఎవరి డబ్బు వాళ్ల ఇష్టం, నేను మాత్రం ఆ వీడియో చెయ్యను.

మరి ఏం పెంచాలి? తోటకూర. ఎండని తిని పెరిగే జాతి అది, మనకి దాని విలువ తెలియదు. గోంగూర, బచ్చలి, పొన్నగంటి. గంగవాయిల కూర అయితే మీరు పట్టించుకోకపోయినా వస్తుంది. కిటికీ దగ్గర, బాల్కనీలో ఎండ పడేచోట బెండ, గోరుచిక్కుడు. మైక్రోగ్రీన్స్ వేసేవాళ్లు విత్తనం పలచగా చల్లండి, శీతాకాలం వేసినంత దట్టంగా వేస్తే రెండో రోజుకే బూజు. మిరప, వంకాయ నారు పోసుకోవాలనుకునేవాళ్లకి 50 శాతం షేడ్ నెట్, తల పైన కనీసం మూడడుగుల ఖాళీ, నాలుగు పక్కలా గాలి ఉంటే చాలు, గదితో పనే లేదు.

అచ్చంగా గదికే సరిపోయే పంట ఒకటుంది: పాల పుట్టగొడుగు, మిల్కీ మష్రూమ్. మన వాళ్లు ఎక్కువగా వేసే ముత్యపు చిప్ప పుట్టగొడుగు 20 నుంచి 30 డిగ్రీల మధ్య బాగుంటుంది, ఏప్రిల్‌లో చేతులెత్తేస్తుంది. అప్పుడు ఏసీ కొనమంటారు. ఏసీ మార్చే బదులు పుట్టగొడుగు మార్చండి. పాల పుట్టగొడుగుకి కావలసిందే 30 నుంచి 35 డిగ్రీలు, తేమ 80, 90 శాతం. అంటే సున్నం కొట్టిన పైకప్పు కింద, కింది అంతస్తు గదిలో, నేల మీద తడి ఇసుక, గోడలకి తడి గోనెసంచులు పెడితే మే నెల దాని సీజన్. గడ్డి మన దగ్గర కరువా? ఏప్రిల్‌లో దాళ్వా కోతలు కాగానే డెల్టా అంతా గడ్డే, తగలబెట్టేవాళ్లు కూడా ఉన్నారు. మందులు కొట్టని పొలం గడ్డి అడిగి తెచ్చుకోండి, వేడినీళ్లలో ఉడకబెట్టి వాడండి. విత్తనం ఎదిగాక పైన మట్టి పొర వెయ్యాలి, చిప్ప పుట్టగొడుగుకి అలవాటైనవాళ్లు ఇదే మర్చిపోతారు. తేమ కోసమని గదిని పూర్తిగా మూసెయ్యకండి, పుట్టగొడుగు కూడా ఊపిరి పీల్చుకుంటుంది, రోజుకి నాలుగైదుసార్లు తాజా గాలి తగలాలి. లేకపోతే కాడ సాగి గొడుగు చిన్నదైపోతుంది.

వేడిని అదుపులో పెట్టి, మూసిన చోట పెంచడం మనకి విదేశీ వీడియోలు నేర్పాల్సిన విద్య కాదు. గుంటూరు, కృష్ణా డెల్టాల్లో తమలపాకు తోటలోకి మే నెల మిట్టమధ్యాహ్నం ఎప్పుడైనా వెళ్లారా? బయట గట్టు మీద నిలబడలేం, లోపల చల్లగా ఉంటుంది. ముందు అవిశ విత్తనం వేసి, అవి ఎదిగాక వాటి నీడలో తీగ నాటి, వాటికే పాకిస్తారు. నీడ ఎక్కువైతే అవిశ కొమ్మలు విరుస్తారు, ఎండ ముదిరితే వదిలేస్తారు. కొమ్మ విరిస్తే అది పశువులకి మేత. చుట్టూ గాలికి అడ్డంగా దడి. తడి కాలువలో ఉంటుంది, వేరు బోదె మీద ఉంటుంది. నీడ, ఆవిరి, గాలి, వేరు దగ్గర వాప్స, అన్నీ ఉన్నాయి. మీటరు మాత్రం లేదు. గదిలో మొక్కలు పెంచే కుర్రాళ్లు ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్లేముందు ఒక్కసారి అటు వెళ్లి రైతుని అడగండి, ఏ నెలలో ఎన్ని కొమ్మలు విరుస్తావు అని. ఆయన చెప్పేది మీ షేడ్ నెట్ శాతం కంటే పనికొస్తుంది.

మనుషుల సంగతి కూడా. 2015 మేలో వడగాల్పులకి మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. అప్పుడు చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఎండలో పనిచేసేవాళ్లూ పెద్దవయసువాళ్లే. మూసిన పాలీహౌస్, గాలి ఆడని షేడ్ నెట్, ఎగ్జాస్ట్ లేని పుట్టగొడుగుల గది, ఇవన్నీ బయటికంటే ప్రమాదం. తేమ ఎక్కువున్నచోట చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కోతకి వచ్చే ఆడవాళ్లని పదకొండు తర్వాత లోపలికి పంపకండి. మీరు కూడా పోకండి. మొక్క వాడిపోతే మళ్లీ వేసుకుంటాం.

ఇప్పటికే ఏసీ కొనేసినవాళ్లు ఉంటారు. అమ్మెయ్యమని నేను చెప్పను. సున్నం, పందిరి, రాత్రి లైట్లు, ఇవి చేసి అప్పుడు ఏసీని 30 మీద పెట్టండి, 24 మీద కాదు. తోటకూరకి 30 చాలు. ఏసీ గదిలో తేమ తీసేస్తుంది, అందుకని తడి గోనెసంచి రెండు వేలాడదియ్యండి. మీటరు రీడింగు వారం ముందు, వారం తర్వాత రాసిపెట్టుకుని నాకు పంపండి, వచ్చే వీడియోలో ఆ అంకెలు పెడదాం.

చివరిగా మృగశిర కార్తె. జూన్ రెండో వారంలో గాలి మళ్లుతుంది, తేమ వస్తుంది, ఎండ ఇంకా తగ్గదు. ఎక్కువ గదులు పాడయ్యేది నిజానికి అప్పుడు, ఎందుకంటే మేలో పనికొచ్చిన కూలర్‌ని అలాగే నడిపిస్తారు. గాలి మళ్లిన రోజే ప్యాడ్లు, తడి గోనెలు తీసి ఎండలో వెయ్యండి. ఎగ్జాస్ట్‌ని రాత్రీ పగలూ నడపండి. ట్రేల మధ్య జానెడు దూరం పెంచండి. మొదటి వాన పడ్డాక ఒకసారి డాబా ఎక్కి సున్నం ఎంత నిలిచిందో చూసి, ఊడినచోటు గుర్తుపెట్టుకోండి.